రియల్ టైమ్ ఎనలైజర్‌లో పెద్ద స్పాన్ స్వీప్ చేయడం ఎలా?

స్పెక్ట్రమ్ ఎనలైజర్ (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత సిగ్నల్ ఉందో చూపే పరికరం) మీద 6 గిగాహెర్ట్జ్ అని రాసి ఉన్నంత మాత్రాన ఆ 6 గిగాహెర్ట్జ్‌నీ అది ఒకేసారి చూడదు. టెక్‌ట్రానిక్స్ ఆర్‌ఎస్‌ఏ306నే తీసుకోండి. 9 కిలోహెర్ట్జ్ నుంచి 6.2 గిగాహెర్ట్జ్ దాకా ట్యూన్ అవుతుంది కానీ, ఒక క్షణంలో పట్టుకునేది 40 మెగాహెర్ట్జే. స్పాన్ (తెర మీద చూడాలనుకునే ఫ్రీక్వెన్సీ పరిధి) అంతకు మించితే ఒక ముక్క పట్టుకుని, ఎఫ్‌ఎఫ్‌టీ (సిగ్నల్‌ను ఫ్రీక్వెన్సీలుగా విడగొట్టే లెక్క) చేసి, పక్క ముక్కకు జరుగుతుంది. చివరికి అన్నీ అతికించి ఒకే ట్రేస్‌గా, అంటే తెర మీద ఒకే గీతగా, చూపిస్తుంది. ఒక ముక్క దగ్గర ఉన్నప్పుడు మిగతా చోట్ల ఏం జరిగినా దానికి తెలియదు.

ముందు ఇన్‌పుట్

యాంటెన్నా తగిలించే ముందు కనెక్టర్ పక్కన ముద్రించిన గరిష్ఠ పవర్ చూడండి. చాలా బెంచ్ ఎనలైజర్లకు అది +30 డీబీఎం (ఒక మిల్లీవాట్‌తో పోల్చి చెప్పే పవర్ కొలత), కంప్యూటర్‌కు తగిలించే చిన్న రేడియో హాక్‌ఆర్‌ఎఫ్‌కు మాత్రం -5 డీబీఎం. 5 వాట్ల వాకీటాకీ +37 డీబీఎం ఇస్తుంది కాబట్టి దాన్ని యాంటెన్నా పక్కన నొక్కొద్దు.

డ్వెల్ టైమ్ లెక్క

400 నుంచి 2500 మెగాహెర్ట్జ్ దాకా చూడాలనుకుందాం. స్పాన్ 2100 మెగాహెర్ట్జ్. 40తో భాగిస్తే 53 ముక్కలు. అంచులు కోసేసే మెషీన్లలో ఇంకొన్ని ఎక్కువే వస్తాయి. ఒక్కో ముక్క దగ్గర ఆగే సమయమే డ్వెల్. ముక్కకు 50 మిల్లీసెకన్లు ఇస్తే ఒక చుట్టుకు 2.65 సెకన్లు, ట్యూనింగ్ సమయం అదనం. అంటే ఏ ఒక్క ముక్క మీదైనా చూపు ఉండేది మొత్తం సమయంలో రెండు శాతం కూడా కాదు.

ఇప్పుడు వైఫై సంగతి. రౌటర్ మామూలుగా ప్రతి 102.4 మిల్లీసెకన్లకు ఒక బీకన్ (తన ఉనికి చాటే చిన్న సిగ్నల్) పంపుతుంది. డ్వెల్ 50 పెడితే దాదాపు సగం చుట్లలో ఆ బీకన్ దొరకదు. 110 పెడితే ప్రతి చుట్టులో కనీసం ఒకటి పడుతుంది, కాకపోతే చుట్టు 5.8 సెకన్లకు సాగుతుంది. వెతికే సిగ్నల్ ఎంత వ్యవధిలో మళ్లీ వస్తుందో, డ్వెల్ దానికంటే కాస్త ఎక్కువ ఉండాలి. మనిషి ఎప్పుడు నొక్కుతాడో తెలియని 433 మెగాహెర్ట్జ్ కారు రిమోట్‌కు ఈ లెక్క పనికిరాదు. దానికి స్పాన్ తగ్గించుకోవాల్సిందే.

ఆర్‌బీడబ్ల్యూ, డిటెక్టర్

ఆర్‌బీడబ్ల్యూ అంటే ఎనలైజర్ విడివిడిగా కొలిచే ఒక్కో ఫ్రీక్వెన్సీ గది వెడల్పు. 100 కిలోహెర్ట్జ్‌తో మొదలుపెట్టండి. పది రెట్లు తగ్గిస్తే నాయిస్ 10 డీబీ దిగుతుంది, కానీ స్వీప్ నెమ్మదిస్తుంది.

చాలామంది జారిపడేది డిటెక్టర్ దగ్గర. తెర మీది ఒక్కో పాయింటులో ఏ విలువ చూపాలో ఎంచేది అదే. 2100 మెగాహెర్ట్జ్‌ను 801 పాయింట్లలో చూపిస్తే ఒక్కో పాయింటు 2.6 మెగాహెర్ట్జ్, అంటే అందులో 100 కిలోహెర్ట్జ్ గదులు 26 ఇరుక్కుంటాయి. సాంపుల్ డిటెక్టర్ వాటిలో ఒకదాన్నే చూపిస్తుంది. సన్నని క్యారియర్ మిగతా 25 గదుల్లో ఎక్కడున్నా తెర మీదికి రాదు. అందుకే అన్నిటిలోకి ఎత్తైనదాన్ని చూపే పాజిటివ్ పీక్ పెట్టండి. నాయిస్ కాస్త పైకి కనిపిస్తుంది, పర్వాలేదు. ఒక ట్రేస్ మామూలుగా, రెండోది మాక్స్ హోల్డ్‌లో (ఇప్పటిదాకా వచ్చిన గరిష్ఠ ఎత్తును అలాగే ఉంచేది) పెట్టి పది ఇరవై చుట్లు తిరగనివ్వండి.

కనిపించిందల్లా నిజమా?

దగ్గర్లో ఎఫ్‌ఎం టవరో, సెల్ టవరో ఉంటే ఫ్రంట్ ఎండ్ (ఇన్‌పుట్ దగ్గరి మొదటి సర్క్యూట్లు) ఉక్కిరిబిక్కిరై లేని సిగ్నళ్లు పుడతాయి. వచ్చే సిగ్నల్‌ను తగ్గించే లోపలి అటెన్యుయేటర్ 10 డీబీ పెంచి చూడండి. ఎనలైజర్ ఆ తేడాను తానే సరిదిద్దుతుంది కాబట్టి నిజమైన సిగ్నల్ ఎత్తు మారదు. మూడో ఆర్డర్ ఇంటర్‌మాడ్యులేషన్ (బలమైన సిగ్నళ్లు మెషీన్‌లో కలిసి పుట్టించే దొంగ సిగ్నల్) అయితే 20 డీబీ దాకా కుంగిపోతుంది. కారణం ఎఫ్‌ఎం అయితే 88–108 మెగాహెర్ట్జ్‌ను అడ్డుకునే బ్యాండ్ స్టాప్ ఫిల్టర్ పెట్టాలి.

మరో పరీక్ష: స్పాన్ మొదలు 5 మెగాహెర్ట్జ్ జరపండి. అనుమానపు గీత ఫ్రీక్వెన్సీ మార్చుకుని తెర మీద అదే చోట నిలబడితే, అది మెషీన్‌లో పుట్టిందే.

20 మెగాహెర్ట్జ్ వైఫై మూపురం ఒక పక్క నిండుగా, మరో పక్క కత్తితో కోసినట్టు కనిపిస్తే గాబరా పడొద్దు. అది రెండు ముక్కల అతుకు మీద పడింది. ఎడమ ముక్క పట్టినప్పుడు రౌటర్ పంపుతోంది, కుడి ముక్క వంతు వచ్చేసరికి ఆపేసింది. దాని మీద మార్కర్ పెట్టి, సెంటర్‌కు తెచ్చి, స్పాన్ 40 మెగాహెర్ట్జ్‌కు దించండి. రియల్ టైమ్ డెన్సిటీ తెర (సిగ్నల్ ఎంత తరచుగా వస్తుందో రంగుల్లో చూపేది) మీద మూపురం మొత్తం తేలుతుంది.