తాగే మనిషి బొక్కల పరీక్ష: నల్లగొండ, పాలమూరు వైపు ఎట్ల చేయించాలి

ముందు తాగిన లెక్క రాసుకోండి. విస్కీ క్వార్టర్‌లో (180 మి.లీ.) సుమారు 60 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 650 మి.లీ. మామూలు బీరులో 25 గ్రాములు, 8 శాతం స్ట్రాంగ్‌లో 40. రెండు స్ట్రాంగ్ సీసాలంటే క్వార్టర్ దాటినట్టే, "బీరే కదా" అంటే కుదరదు. ఇదే రోజూ ఏళ్ల తరబడి సాగితే కొత్త బొక్క కట్టే కణాలు మందగిస్తాయి, పాత బొక్క అరగడం మాత్రం ఆగదు. మెగ్నీషియం మూత్రంలో పోతుంది. అది తగ్గితే ఎన్ని కాల్షియం గోలీలు మింగినా రక్తంలో కాల్షియం నిలవదు.

బొక్క దిట్టం కొలిచే డెక్సా స్కాన్ నడుముకు, తుంటికి రెండింటికీ తీయించాలి. అందులో వచ్చే అంకె, టి-స్కోర్, -2.5, అంతకంటే కిందికి ఉంటే బొక్క గుల్లబారినట్టు. ఇక్కడే మన జిల్లా మెలిక ఉంది. మునుగోడు, మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ బోరు నీళ్లు ఏళ్లపాటు తాగినవాళ్ల వెన్నెముక ఎక్స్‌రేలో తెల్లగా, స్కాన్‌లో దిట్టంగా కనిపించవచ్చు. ఆ దిట్టం సున్నం పేరుకున్న దిట్టం, బలం కాదు, పడితే విరుగుతుంది. కాబట్టి నడుము అంకె బాగుందని లేచి రాకండి. ఏ ఊరి నీళ్లు ఎన్నేళ్లు తాగారో డాక్టరుకు చెప్పి, ఫ్లోరైడ్ గుర్తులు తెలిసే ముంజేతి ఎక్స్‌రే కూడా అడగండి.

రక్తంలో కాల్షియం, మెగ్నీషియం, ఫాస్ఫరస్, విటమిన్ డి, క్రియాటినిన్‌తో (కిడ్నీ పరీక్ష) పాటు అల్బుమిన్ (కాలేయం తయారుచేసే ప్రొటీన్) తప్పక చూడాలి. కాలేయం చెడి అల్బుమిన్ తగ్గితే కాల్షియం ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. అల్బుమిన్ 4కు ఎంత తక్కువో చూసి, తగ్గిన ప్రతి 1 గ్రాముకు కాల్షియం అంకెకు 0.8 కలపండి: కాల్షియం 7.8, అల్బుమిన్ 2.5 అయితే అసలు కాల్షియం 9.0, అంటే మామూలే.

గజ్జల్లో నొప్పి, సక్లముక్లం పెట్టి కూర్చోలేకపోవడం, కుంటు. వీటిని "నడుం పట్టింది" అని నూనె రుద్దుతూ నెలలు గడిపేస్తారు. తాగేవాళ్లలో తుంటి కీలు బంతికి రక్తం అందక, అది చచ్చిపోతుండవచ్చు. ఒక్కోసారి నొప్పి మోకాలిలోనే తెలుస్తుంది. మొదట్లో ఎక్స్‌రే మామూలుగానే వస్తుంది, ఎంఆర్‌ఐలోనే పట్టుబడుతుంది. బంతి కుంగకముందే దొరికితే బొక్కకు రంధ్రం చేసి ఒత్తిడి తగ్గించే ఆపరేషన్‌కు వీలుంటుంది. కుంగితే తుంటి మార్చడమే.

తాగుడు మానడం అవసరమే, కానీ రోజూ తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపొద్దు. చేతులు వణకడం కొన్ని గంటల్లోనే మొదలై, ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. డైజోఫామ్, అల్ప్రాజోలం లాంటి మత్తు మందులు కలిపిన కల్తీ కల్లుకు అలవాటుపడ్డవాళ్లకు ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. డాక్టరు చూస్తుండగా మెల్లగా తగ్గించాలి. సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి-మానస్ నంబర్ 14416.

తిండిలో రోజుకు 1,000 మిల్లీగ్రాముల కాల్షియం చేరాలి. 100 గ్రాముల తైదల్లో సుమారు 350, గ్లాసు పాలలో 240 ఉంటుంది. కాల్షియం సరిపడా తింటే ఫ్లోరైడ్ కూడా ఒంటికి తక్కువ పడుతుంది. తాగడానికే కాదు, వంటకూ మిషన్ భగీరథ నల్లా నీళ్లే వాడండి. బోరు నీళ్లు మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, ఇంకా చిక్కబడుతుంది. విటమిన్ డి 60,000 యూనిట్ల పొడి వారానికి ఒకటని రాస్తే వారానికి ఒకటే. రోజూ వేసుకుంటే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు పట్టుకుంటాయి, కిడ్నీ దెబ్బతింటుంది.