డబుల్ రెడ్ సెల్స్ ఇచ్చే ముందు, ఇచ్చాక నాలుగు నెలలు

అమెరికాలో ఉన్న మన తెలుగు కుటుంబాలు ఎక్కువగా వేసవి సెలవుల్లోనో డిసెంబరులోనో ఇండియా వెళ్తుంటాయి. మలేరియా ఉన్న ప్రాంతాల్లో తిరిగి వస్తే ఆ తర్వాత మూడు నెలలు రక్తం తీసుకోరు. అందుకని టికెట్లు కొనగానే 'వెళ్లేలోపు ఒకసారి ఇచ్చేద్దాం, ఇచ్చేదేదో డబుల్ ఇద్దాం' అనుకునేవాళ్లు నా స్నేహితుల్లో చాలామంది ఉన్నారు. నేనూ అలాగే మొదలుపెట్టాను. ఇవ్వండి, తప్పకుండా ఇవ్వండి. కానీ దీని బరువు ఆ ఒక్కరోజుతో తీరేది కాదు.

ఇలా ఒకేసారి రెట్టింపు ఎర్ర కణాలు ఇవ్వడాన్ని అమెరికన్ రెడ్‌క్రాస్ పవర్ రెడ్ అంటుంది. మెషీన్ మీ రక్తం తీసుకుని, ఎర్ర కణాలను వేరుచేసి, ప్లాస్మా, ప్లేట్‌లెట్లను కాస్త సలైన్‌తో కలిపి అదే చేతికి తిరిగి ఎక్కిస్తుంది. అలా ఒకే విడతలో రెండు యూనిట్ల ఎర్ర కణాలు వస్తాయి. మామూలు రక్తదానం కంటే అరగంట ఎక్కువ పడుతుంది. 'ఓ' (O) గ్రూపు వాళ్లను, ఎ నెగటివ్, బి నెగటివ్ వాళ్లను దీనికి ఎక్కువగా అడుగుతారు. మగవాళ్లు కనీసం 5 అడుగుల 1 అంగుళం ఎత్తు, 130 పౌండ్ల బరువు, ఆడవాళ్లు 5 అడుగుల 3 అంగుళాల ఎత్తు, 150 పౌండ్ల బరువు ఉండాలి. హిమోగ్లోబిన్ ఇద్దరికీ 13.3 కావాలి. బరువు చాలలేదని వెనక్కి పంపితే బాధపడకండి, మామూలుగా ఒక యూనిట్ ఇచ్చినా ఒకరి ప్రాణానికి అది చాలా విలువైనదే.

అసలు జాగ్రత్త ఐరన్ విషయంలో. ఒక యూనిట్ రక్తంతో సుమారు 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఐరన్ పోతుంది. డబుల్ ఇస్తే దానికి రెట్టింపు. అక్కడ వేలిమీద గుచ్చి చూసేది హిమోగ్లోబిన్ మాత్రమే, ఒంట్లో ఐరన్ నిల్వ ఎంత ఉందో అది చెప్పదు. నేను మాంసం తినను. రెండోసారి ఇచ్చినప్పుడు హిమోగ్లోబిన్ 13.6 వచ్చింది, హాయిగా ఇచ్చి వచ్చాను. తర్వాత కొన్ని వారాలపాటు రెండంతస్తుల మెట్లు ఎక్కితే ఆయాసం. డాక్టర్ ఐరన్ నిల్వను చూపే ఫెరిటిన్ పరీక్ష రాస్తే నిల్వ బాగా అడుగంటిందని తేలింది. ఆ పరీక్ష ముందే చేయించుకుని ఉంటే అప్పటికి ఆగేవాణ్ణి. ముఖ్యంగా శాకాహారులు, నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా అయ్యే ఆడవాళ్లు, ఏటా రెండు మూడు సార్లు రక్తం ఇచ్చేవాళ్లు దీన్ని అశ్రద్ధ చేయకండి.

పవర్ రెడ్ ఇచ్చాక 120 రోజులపాటు రోజూ 18 మిల్లీగ్రాముల ఐరన్ ఉన్న మల్టీవిటమిన్ వేసుకోమని రెడ్‌క్రాస్ సలహా. ఇతర మందులు వాడేవాళ్లు, ఒంట్లో ఐరన్ పేరుకుపోయే జబ్బు ఇంట్లో ఎవరికైనా ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడిగాకే మొదలుపెట్టాలి. మనకు భోజనం కాగానే టీ తాగే అలవాటు ఉంది కదా, అది తిండిలోని ఐరన్‌ను ఒంటికి సరిగా పట్టనివ్వదు. కనీసం గంటైనా ఆగండి. తోటకూర పప్పులోనో శనగల గుగ్గిళ్లలోనో నిమ్మకాయ పిండుకుంటే ఐరన్ బాగా పడుతుంది. ఐరన్ మాత్రల సీసా మాత్రం పసిపిల్లలకు అందనీయకండి, ఎక్కువ మింగితే ప్రాణానికే ప్రమాదం.

మన గుళ్లలో రక్తదాన శిబిరాలు వారాంతాల్లోనే పెడతారు. శనివారం ఒక్కపొద్దు ఉండేవాళ్లు ఆ రోజు ఉపవాసమైనా మానండి, లేదా ఆదివారం ఇవ్వండి. ఖాళీ కడుపుతో కుర్చీ ఎక్కొద్దు. రోజూ తాగేదానికి తోడు మరో రెండు గ్లాసుల నీళ్లు తాగి వెళ్లండి.

రక్తం గడ్డకట్టకుండా మెషీన్‌లో సిట్రేట్ కలుపుతారు. తిరిగి ఎక్కించేటప్పుడు అది రక్తంలోని కాల్షియాన్ని కాసేపు పట్టి ఉంచుతుంది కాబట్టి పెదాల చుట్టూ, వేళ్ల చివర్లలో చిమచిమలాడుతుంది. నాకు మొదటిసారి అలా అయినప్పుడు మొహమాటపడి ఊరుకున్నాను. అది పొరపాటు. వెంటనే నర్సుకు చెబితే వేగం తగ్గిస్తారు, కాల్షియం బిళ్ల ఇస్తారు. చలి వేస్తే దుప్పటి అడగండి. రక్తం తిరిగి వెళ్తున్నప్పుడు సూది దగ్గర నొప్పిగానీ వాపుగానీ వస్తే ఒక్క క్షణం కూడా ఓర్చుకోవద్దు, గట్టిగా చెప్పండి.

అయ్యాక పదిహేను నిమిషాలు కూర్చుని ఏదైనా తిని, తాగి లేవండి. ఆ రోజంతా జిమ్, బరువులెత్తడం వద్దు. 23 కిలోల సూట్‌కేసులు సర్దేది, ఎత్తేది, విమానాశ్రయంలో లాగేది చాలావరకు మనమే కాబట్టి, ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందే ఇచ్చేయండి. ఆ వ్యవధి కుదరకపోతే వెళ్లొచ్చి, మూడు నెలలు ఆగి ఇవ్వండి.

మళ్లీ డబుల్ ఇవ్వడానికి 112 రోజులు ఆగాలి. నేనిప్పుడు ఆ తేదీకి ఓ పది రోజుల ముందు ఫెరిటిన్ చూపించుకుంటున్నాను. అంకె సరిపోకపోతే అపాయింట్‌మెంట్ ఇంకో రెండు నెలలు వాయిదా వేసుకుంటాను.