గొర్రె కొవ్వు శాంపిల్‌లో డీడీటీ తగ్గి డీడీడీ పెరుగుతోందా? ముందు ఇన్‌లెట్ చూడండి

బెంగళూరులో పీణ్యా వైపు ఒక ల్యాబ్‌లో గొర్రె కొవ్వు, కోడి కొవ్వులో పురుగుమందుల అవశేషాలు టెస్ట్ చేస్తుంటాను, మన తెలుగు పిల్లలు కొత్తగా చేరిన ప్రతిసారీ ఇదే అడుగుతున్నారు, అందుకే రాసి పెడుతున్నా.

సమస్య: పొద్దున స్టాండర్డ్ (ఎంత మందు ఉందో ముందే తెలిసిన ద్రావణం) బానే వచ్చింది, పది పన్నెండు శాంపిల్స్ అయ్యేసరికి డీడీటీ అనే పాత పురుగుమందు పీక్ (గ్రాఫ్‌లో దాని శిఖరం) కుంగిపోయి, అది విరిగితే వచ్చే డీడీడీ, డీడీఈ లేచాయి.

కారణం: గొర్రె ఒంట్లోనూ డీడీటీ డీడీఈగా మారి కొవ్వులో ఏళ్ల తరబడి ఉండిపోతుంది, నిజమే, కానీ జీసీ (గ్యాస్ క్రొమటోగ్రాఫ్, మందుల్ని విడదీసి కొలిచే మెషీన్) ఇన్‌లెట్ వేడికి, అంటే శాంపిల్ లోపలికి వెళ్లే చోటి వేడికి కూడా డీడీటీ విరుగుతుంది, లైనర్‌లో (ఇన్‌లెట్ లోపలి గాజు గొట్టంలో) కొవ్వు మాడి అంటుకుంటే మరీ ఎక్కువ. తేల్చుకోవాలంటే శాంపిల్ లేకుండా డీడీటీ, ఎండ్రిన్ (ఇదీ ఓ పాత పురుగుమందే) మాత్రమే ఉన్న స్టాండర్డ్ కొట్టండి. డీడీఈ, డీడీడీ ఏరియాలు కూడి, డీడీటీతో సహా మూడింటి మొత్తంలో అది ఎంత శాతమో చూడండి, 15 దాటితే తప్పు ఇన్‌లెట్‌ది. ఎండ్రిన్‌కైతే అది విరిగితే వచ్చే ఎండ్రిన్ ఆల్డిహైడ్, ఎండ్రిన్ కీటోన్ పీకులు చూడాలి.

చివర్లో అన్నీ కలిపి మొత్తం డీడీటీగానే రాస్తాం కదా, పోయేదేముంది అంటారు కొందరు. చాలా పోతుంది అండీ. వ్యవసాయంలో డీడీటీని 1989లోనే ఆపేశారు, కొవ్వులో డీడీఈ ఎక్కువుంటే పాత అవశేషం అనుకుంటాం, డీడీటీయే ఎక్కువుంటే ఈమధ్య ఎక్కడో తగిలిందని వెతుకుతాం. ఇన్‌లెట్‌లో విరిగిపోతే కొత్తది పాతదానిలా కనబడుతుంది, అక్కడ మేపుకునేవాళ్లని హెచ్చరించే అవకాశమే పోతుంది.

పరిష్కారం: లైనర్, సెప్టమ్ (సూది గుచ్చే రబ్బరు బిళ్ల) మార్చండి, కాలమ్ (మందుల్ని విడదీసే సన్నని గొట్టం) ముందు వైపు ఒక జానెడు కత్తిరించండి, మళ్లీ అదే స్టాండర్డ్ కొట్టి చూడండి. కానీ క్లీనప్ (శాంపిల్ నుంచి కొవ్వు తీసేయడం) సరిగా లేకపోతే రెండ్రోజుల్లో మళ్లీ మొదటికే. ఎక్స్‌ట్రాక్ట్ (శాంపిల్ నుంచి తీసిన ద్రావణం) కొంచెం తీసి, ముందే తూచిన గిన్నెలో ఆరబెట్టి మళ్లీ తూచండి, జిడ్డు మిగిలితే కొవ్వు పోలేదని అర్థం. మేమైతే ఎసిటోనైట్రైల్ అనే ద్రావకంలోకి తీసి, రాత్రంతా మైనస్ 20 డిగ్రీల్లో పెట్టి, గడ్డకట్టిన కొవ్వు వడగట్టి, తర్వాత ఫ్లోరిసిల్ (మిగిలిన కొవ్వు పట్టేసే పొడి) మీద పోస్తాం. జీపీసీ (అణువుల సైజును బట్టి కొవ్వును వేరుచేసే పరికరం) ఉంటే ఇంకా మేలు.

డీల్డ్రిన్ (ఇంకో పాత పురుగుమందు), ఎండ్రిన్ అసలు రావట్లేదా? సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో క్లీనప్ చేసుంటారు, ఆ రెండూ అందులో నాశనమైపోతాయి, డీడీటీకి మాత్రం పర్లేదు. కొవ్వు పోగొట్టాలని కేఓహెచ్‌తో (పొటాషియం హైడ్రాక్సైడ్ క్షారంతో) సబ్బు చేశారా, అప్పుడు డీడీటీ డీడీఈ అయిపోతుంది, లిండేన్ అనే పురుగుమందు కూడా దక్కదు.

ఇంకో ల్యాబ్ నంబర్‌తో మీది కలవకపోతే, కొవ్వు బరువు మీద లెక్కేశారా మాంసం బరువు మీదా అడగండి. 10 శాతం కొవ్వున్న మాంసంలో 0.2 అంటే కొవ్వు లెక్కలో 2.