పాత కలపతో పటం కట్టడం, 4వ పాఠం: నాలుగో మూల

ఈసారి పాలిష్ చెబుతానన్నాను. చెప్పను. పోయిన పాఠం పట్టుకుని మీరు కట్టిన ఫ్రేములు చూశాక ఆ ధైర్యం పోయింది. పదకొండు ఫ్రేముల్లో తొమ్మిదింటికి ఒకటే జబ్బు. మూడు మూలలు బుద్ధిగా కలిశాయి, నాలుగోది నోరు తెరిచింది. కొందరు ఆ సందులో ఫెవికాల్ కలిపిన రంపపుపొట్టు కూరారు. బెజవాడ కృష్ణలంక నుంచి ఒకాయన ఏకంగా పైపుల లీకులకు వాడే ఎంసీల్ ముద్ద నొక్కేశారు. దాని మీద పాలిష్ పట్టదు, గోడకు తగిలించాక ఇంట్లో అందరి కళ్ళూ దాని మీదే ఉంటాయి.

మూల కలవాలంటే ప్రతి బద్ద కొసనూ 45 డిగ్రీల ఏటవాలుగా కోయాలి కదా. అందరూ చెప్పిన కారణం కూడా ఒకటే: "45 డిగ్రీలు సరిగ్గా రాలేదండీ." ఇది వింటే నాకు ఒళ్ళు మండుతుంది. పాపం ఆ 45 తప్పు చాలాసార్లు ఏమీ ఉండదు.

సందును దగ్గరగా చూడండి. ఒక వైపు కలిసి, రెండో వైపుకు పోనుపోను వెడల్పయితే కోణంలో తేడా. మొత్తం ఎనిమిది కోతలు కోస్తాం. ఒక్కోదాంట్లో అర డిగ్రీ తేడా ఒకే వైపుకు వస్తే చివరి మూల దగ్గర నాలుగు డిగ్రీలు పోగవుతుంది. అలా కాకుండా లోపలి నుంచి బయటిదాకా సందు ఒకే మందంలో ఉంటే, లేదా ఒక బద్ద కొస రెండోదాన్ని దాటి బయటకు పొడుచుకొస్తే, కోణం బాగానే ఉంది. ఎదురెదురు బద్దల పొడవులు సమానంగా లేవు. తొమ్మిదింటిలో ఏడు ఇవే.

ఎందుకొస్తుందంటే నాలుగు బద్దలనూ విడివిడిగా టేపు పెట్టి కొలుస్తున్నారు. పెన్సిలు గీతకే అర మిల్లీమీటరు మందం ఉంటుంది. ఒకసారి గీతకు ఇవతల, ఇంకోసారి అవతల కోస్తారు. నేను టేపు రెండుసార్లే వాడతాను, పొడుగు బద్దకోసారి, పొట్టి బద్దకోసారి. మైటర్ బాక్స్ (రంపాన్ని 45 డిగ్రీలకు పట్టి ఉంచే గాళ్ళున్న పెట్టె) పక్కన బల్ల మీద ఒక అడ్డుచెక్క మేకులతో బిగించి, మొదటి బద్ద కొస దానికి ఆనించి కోస్తాను. రెండోదీ అక్కడే ఆనించి కోస్తే కొలత పని లేదు. తర్వాత రెండింటినీ వీపులు కలిపి నిలబెట్టి, కొసల మీదుగా బొటనవేలి గోరు అడ్డంగా లాగండి. గోరు ఎక్కడైనా తట్టుకుంటే తేడా ఉన్నట్టే. కంటికి కనపడని తేడా గోరుకు తెలుస్తుంది.

కొలత దగ్గర ఇంకో గొడవ. 12×10 అంగుళాల అద్దం అన్నానని కొందరు బద్ద బయటి అంచున 12 పెట్టి కోశారు. అద్దం దిగలేదు. అద్దం కూర్చునేది బద్ద లోపలి అంచు వెనక చెక్కిన మెట్టులో కదా! బద్ద వెడల్పు అంగుళంన్నర, మెట్టు పావు అంగుళం అనుకుందాం. ఒక్కో వైపు అంగుళంపావు మిగులుతుంది, రెండు వైపులా కలిపి రెండున్నర. బయటి పొడవు పద్నాలుగున్నర, దాని మీద ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, వదులు. పొట్టి బద్ద పన్నెండున్నర మీద ఒక నూలు. అయిదడుగుల బద్ద ఉంటే నాలుగూ వస్తాయి. ఆ నూలు వదులు లేకపోతే వానాకాలంలో చెక్క ఉబ్బి అద్దాన్ని నొక్కేస్తుంది.

మూల తెరుచుకున్న ఆ తొమ్మిది ఫ్రేముల్లో మిగిలిన రెండింటిలో ఒకటి నిజంగానే కోణం తప్పు, రంపం మొద్దుబారి పక్కకు లాగింది. రెండోది చెక్క మెలి. సింగ్‌నగర్ నుంచి ఒకావిడ సొంతింటి తలుపే కోసుకున్నారు, 2024 సెప్టెంబరులో బుడమేరు వరదలో నానిన తలుపు. టేకు కాబట్టి నిలబడింది గానీ కింది అడుగున్నర మెలి తిరిగింది. పైగా ఆ ఒండ్రుమట్టి చెక్క రంధ్రాల్లో దిగిందంటే రంపం పళ్ళు అరిగిపోతాయి. అమ్మా, పైభాగం వాడుకోండి, కిందిది పొయ్యిలో పెట్టండి. కోసే ముందు బద్దను మందపాటి అద్దం మీద పెట్టి ఒక కొస నొక్కితే చాలు, రెండో కొస టకటకమంటే అది ఫ్రేముకు పనికిరాదు. తడి చెక్కను బెజవాడ ఎండలో ఆరబెట్టకండి, చీలిపోతుంది. నీడలో, మధ్యమధ్య పుల్లలు పెట్టి పేర్చండి.

పాత తలుపుల రంగు పొడిగా గీకకండి. ఆ పొడిలో విషమైన సీసం ఉండొచ్చు. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 వంతులు) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరులోగానీ అమల్లోకి రాలేదు, మీ తలుపు అంతకంటే పాతదే అయ్యుంటుంది. తడిపి రుద్దండి, మాస్కు పెట్టుకోండి, పిల్లల్ని దగ్గరకు రానివ్వకండి.

అతికించిన మూలలు ఆరేదాకా బిగించి పట్టడానికి క్లాంపులు కొనక్కర్లేదు. నేను పాత సైకిలు ట్యూబును సన్నటి పట్టీలుగా కోసి చుట్టూ సాగదీసి కడతాను. అయితే కోసిన కొస ఫెవికాల్‌ను తాగేస్తుంది. ముందు పల్చగా ఒకసారి పూసి, పది నిమిషాలాగి, మళ్ళీ పూసి అతికించండి.

ఒక మాట మధ్యలో. పాత ఫ్రేము విప్పేటప్పుడు ఫొటో అద్దానికి అంటుకుని ఉంటే లాగకండి. చెమ్మకు ఫొటో మీది జిలెటిన్ పొర మెత్తబడి అద్దానికి అతుక్కుంటుంది. మా పెదనాన్న ఫొటో నేనిలాగే లాగాను. మీసాలు అద్దం మీదే ఉండిపోయాయి. అద్దంతో సహా ఫొటో తీసి, కొత్త ప్రింటు వేయించుకోండి.

అభ్యాసం: మీ పాత తలుపు చెక్క ఇప్పుడే ముట్టుకోవద్దు. ప్యాకింగ్ పెట్టెల చెక్కతో బయటి కొలత 6 అంగుళాలుండే చదరపు ఫ్రేములు ఆరు చేయండి. ఫెవికాల్ లేదు, మేకు లేదు, ఒక్క సైకిలు ట్యూబు మాత్రమే. ట్యూబు బిగించి, కిటికీ వెలుగుకు ఎత్తి, నాలుగు మూలలూ చూడండి. సన్నటి వెలుగు గీత కనపడితే అది లెక్కలోకి రాదు, మళ్ళీ కోయాలి. వరసగా మూడు ఫ్రేములు వెలుగు గీత లేకుండా కుదిరినవాళ్ళకే వచ్చే పాఠంలో పాలిష్.