అమెరికాలో బ్రెస్ట్ పంపు ఇన్సూరెన్స్ మీద తీసుకోవడం ఎలా

అఫోర్డబుల్ కేర్ యాక్ట్ అనే ఆరోగ్య బీమా చట్టం ప్రకారం అమెరికాలో చాలా హెల్త్ ప్లాన్లు బ్రెస్ట్ పంపుకీ, పాలివ్వడంలో సాయం చేసే ల్యాక్టేషన్ కన్సల్టెంట్‌కీ కోపే (ప్రతిసారీ మన వాటాగా కట్టేది), డిడక్టబుల్ (ప్లాన్ కట్టడం మొదలయ్యేదాకా మనం భరించేది) లేకుండా కట్టాలి. హెచ్4 వీసా మీదున్నా, భర్త కంపెనీ ప్లాన్‌లో పేరుంటే చాలు. గ్రాండ్‌ఫాదర్డ్ ప్లాన్లకీ (ఈ చట్టానికి ముందు నుంచీ ఉన్న పాత ప్లాన్లు), విజిటర్ ఇన్సూరెన్స్‌కీ ఈ నియమం లేదు.

ఏడో నెలలోనే ఇన్సూరెన్స్ కార్డు వెనకున్న నంబరుకి ఫోన్ చేసి ఇవి అడగండి. పంపు సొంతానికిస్తారా, అద్దెకా? కాన్పుకి ముందే పంపుతారా? ఇన్-నెట్‌వర్క్ (ప్లాన్‌తో ఒప్పందమున్న) సప్లయర్లు ఎవరు? ప్రిస్క్రిప్షన్ కావాలా? కాల్ రిఫరెన్స్ నంబరు రాసుకోండి, తర్వాత మాట మార్చితే అదే ఆధారం.

ఎక్కువమంది దెబ్బతినేది దుకాణంలో పంపు కొనేసి, తర్వాత బిల్లు పంపినప్పుడు. నెట్‌వర్క్ బయటి సప్లయర్ దగ్గర కొంటే క్లెయిమ్ తిరస్కరించవచ్చు. కన్సల్టెంట్ సంగతి వేరు: నెట్‌వర్క్‌లో ఎవరూ లేకపోతే బయటివాళ్ల ఫీజు కూడా ప్లానే భరించాలి. ఆ ఒప్పుకోలు అపాయింట్‌మెంట్‌కి ముందే రాతలో తీసుకోండి.

చేతిపంపు వాడి చూశాకే ఎలక్ట్రిక్ ఇస్తామంటే ఒప్పుకోకండి. 2023 నుంచి అమల్లో ఉన్న ఫెడరల్ మార్గదర్శకాలు డబుల్ ఎలక్ట్రిక్ పంపుకి ఆ షరతు వద్దన్నాయి. విడిభాగాలు, పాలు దాచే సామగ్రి కూడా వాటిలో ఉన్నాయి. అప్‌గ్రేడ్ మోడల్‌కి తేడా మీరే కట్టాలి, దానికి ఎఫ్‌ఎస్‌ఏ (జీతంలోంచి పన్ను లేకుండా వైద్య ఖర్చులకి పక్కన పెట్టుకునే ఖాతా) డబ్బు వాడుకోవచ్చు.