స్లీప్‌లో పెట్టినా బ్యాటరీ దిగిపోతోందా? ముందు ఇవి చూడండి

మైక్రోకంట్రోలర్ (బోర్డుని నడిపే చిప్) డేటాషీట్‌లో స్లీప్ కరెంట్, అంటే పడుకున్నప్పుడు తీసుకునే కరెంట్, 2 మైక్రోఆంప్స్ అని ఉంటుంది, మన బోర్డుకి మీటర్ పెడితే ఒకటిన్నర మిల్లీఆంప్ చూపిస్తుంది. వెంటనే అందరూ కోడ్ మీద పడి రిజిస్టర్లన్నీ తిరగేస్తారు. ఆగండి. డీబగ్గర్ (కోడ్ ఎక్కించి పరీక్షించే పరికరం) పీకేశారా? పీకాక పవర్ పూర్తిగా తీసి మళ్లీ ఇచ్చారా? ఎస్‌టీఎం32 మైక్రోకంట్రోలర్లలో డీబగ్గర్ పెట్టిన బిట్లు మామూలు రీసెట్‌కి పోవు, పవర్ తీస్తేనే పోతాయి, అప్పటిదాకా స్టాప్ మోడ్ అనే గాఢ నిద్రలో కూడా క్లాక్ తిరుగుతూనే ఉండొచ్చు. ఈ ఒక్కటి చూడకుండా రోజులు పోగొట్టుకున్నవాళ్లని చాలామందిని చూశాను, దయచేసి ముందు ఇదే చూడండి.

డెవలప్‌మెంట్ బోర్డు అయితే పవర్ ఎల్‌ఈడీ ఒక్కటే ఒక మిల్లీఆంప్ తినేస్తుంది, ఏఎంఎస్1117 రెగ్యులేటర్ ఉంటే అది మామూలుగా ఇంకో 5 మిల్లీఆంప్స్. ఏటీమెగా328పీ మైక్రోకంట్రోలర్‌ని పడుకోబెట్టే ముందు ఏడీసీ (వోల్టేజ్‌ని అంకెలుగా మార్చే భాగం) ఆఫ్ చేయాలి, అది దానంతటది ఆగదు.

ఇవన్నీ సరిగ్గానే ఉన్నాయా? అయితే నన్ను బాగా ఏడిపించిన కారణం ఇది. సెన్సర్ పవర్‌ని మాస్‌ఫెట్‌తో (స్విచ్‌లా వాడే ట్రాన్సిస్టర్) కట్ చేశాను, అది ఆఫ్ అయిపోయిందనే నమ్మకంతో రెండు రోజులు కోడ్‌లో వెతికాను. చివరికి విసుగొచ్చి సెన్సర్ వీసీసీ (పవర్ అందే) పిన్ మీద వోల్టేజ్ కొలిస్తే 2.6 వోల్టులు! పవర్ లేని చిప్‌కి వోల్టేజ్ ఎక్కడిది? సెన్సర్‌తో మాట్లాడే ఎస్‌పీఐ లైన్లలో, దాన్ని ఎంచుకునే చిప్ సెలెక్ట్ లైన్ నుంచి. ఆ లైన్ ఖాళీగా ఉన్నప్పుడు హైలో ఉంటుంది కదా, ఆ 3.3 వోల్టులు సెన్సర్ పిన్ లోపలుండే ప్రొటెక్షన్ డయోడ్ గుండా దాని వీసీసీలోకి ఎక్కేస్తున్నాయి. ముందు తలుపు మూశాం, దొడ్డి తలుపు తీసే ఉంది. జీపీఎస్ మాడ్యూల్‌కి వెళ్లే యూఆర్ట్ టీఎక్స్ (డేటా పంపే) లైన్‌తోనూ ఇదే గొడవ.

కాబట్టి పవర్ కట్ చేశాక ఆ వీసీసీ మీద మీటర్ పెట్టండి, సున్నాకి దగ్గరగా రాకపోతే దొంగ దొరికినట్టే. పవర్ తీసేముందు ఆ చిప్‌కి వెళ్లే లైన్లన్నీ లో చేసేయండి. ఐ2సీ (రెండు లైన్ల మీద చిప్‌లు మాట్లాడుకునే పద్ధతి) దగ్గర మాత్రం జాగ్రత్త, పుల్-అప్‌లు (లైన్‌ని హైలో ఉంచే రెసిస్టర్లు) ఎప్పుడూ ఆన్‌లో ఉండే సప్లైకి కట్టి ఉంటే లైన్ వదిలేసినా సెన్సర్‌లోకి కారుతుంది, లో చేస్తే 4.7కె రెసిస్టర్ గుండా లైన్‌కి 0.7 మిల్లీఆంప్ పోతుంది, రెండు విధాలా నష్టమే. ఆ పుల్-అప్‌లని సెన్సర్‌తో పాటు ఆఫ్ అయ్యే సప్లైకి మార్చాల్సిందే, కోడ్‌తో అయ్యే పని కాదు.

లీకవుతున్న కెపాసిటర్, బోర్డు మీద మిగిలిన సోల్డరింగ్ ఫ్లక్స్ లాంటివి అరుదు, అన్నీ అయ్యాకే వాటి జోలికి వెళ్లండి.

మైక్రోకంట్రోలర్ లేచాక ముందు సెన్సర్‌కి పవర్ ఇచ్చి, అది నిలదొక్కుకున్నాక లో చేసిన పిన్నులని మళ్లీ మామూలు పనిలో పెట్టి, సెట్టింగులన్నీ మళ్లీ రాయండి, పాతవేవీ దానికి గుర్తుండవు.