నగిషీ నేర్చుకునేవాళ్లు: ఒక్క గ్రేవర్, మంచి సాన

నగిషీ పని, అంటే లోహపు రేకు మీద గీతలు చెక్కడం, మొదలుపెట్టేవాళ్లు చాలామంది ముందు పన్నెండు గ్రేవర్ల (చెక్కే ఉలుల) సెట్టు కొనేస్తారు. అక్కర్లేదు. 90 డిగ్రీల చదరపు గ్రేవర్ ఒకటి, 120 డిగ్రీల ‘వి’ ఒకటి చాలు. మిగిలిన డబ్బు సానరాళ్ల మీద పెట్టండి. రేకు మీద కనబడే తప్పుల్లో ఎక్కువ భాగం మొన తెచ్చిపెట్టేవే.

హైస్పీడ్ స్టీలు గ్రేవర్‌తో మొదలుపెట్టండి. కార్బైడ్ గ్రేవర్ గట్టిదే కానీ పెళుసు, కొత్త చేయి కాస్త పక్కకు ఒరిగించినా మొన టక్కున విరుగుతుంది. పిడిని అరచేతి గుంటలో ఆనించి పట్టుకుంటే మొన బొటనవేలిని దాటి సుమారు 2 సెం.మీ. రావాలి. అంతకంటే ఎక్కువ ఉంటే తోకవైపు కోసేయండి.

గ్రేవర్ ముఖాన్ని, అంటే మొన దగ్గరి ఏటవాలు కోతను, 45 డిగ్రీలకు 600, తర్వాత 1200 గ్రిట్ డైమండ్ రాయి మీద తీయండి. ఆపైన అడుగున రెండు వైపులా 15–20 డిగ్రీల చిన్న వాలు పట్టాలి. దీన్నే హీల్ అంటారు. ఇది లేకపోతే పిడి రేకుకు తగులుతుంది, మొన లోపలికి దిగబడుతుంది. హీల్ పొడవు అర మిల్లీమీటరు దాటితే వంపు తిరిగేటప్పుడు గీత బయటి అంచును నలిపేస్తుంది. వంపులు గరుకుగా వస్తున్నాయంటే ముందు హీల్‌నే చూడండి.

పదింతల భూతద్దంలో మొన మీద తెల్లటి చుక్క మెరిస్తే అది విరిగినట్టే. బొటనవేలి గోరు మీద మెల్లగా ఆనిస్తే జారకుండా పట్టుకోవాలి. జారితే మళ్లీ సాన.

1.5 మి.మీ. మందం ఇత్తడి లేదా రాగి రేకును లక్క కరిగించి చెక్క దిమ్మకు అంటించండి. దిమ్మను ఇసుక నింపిన తోలుసంచి మీద పెట్టండి. బిద్రీ పనివాళ్లు తమ జింకు–రాగి లోహానికి మైలుతుత్తం నీళ్లు పూసి, నల్లబడ్డాక నమూనా గీస్తారు. మన రేకు మీద తెల్ల పోస్టర్ రంగు పలచగా పూసి, ఆరాక పెన్సిల్‌తో గీసుకుంటే సరిపోతుంది.

మొదట 1 మి.మీ. ఎడంలో తిన్నని గీతలు తీయండి. వంపు దగ్గర గ్రేవర్‌ను కాదు, దిమ్మను ఎడమచేత్తో తిప్పాలి. ఆ చేతి వేళ్లు మొనకు ఎదురుగా ఎప్పుడూ ఉండకూడదు. పిడి మరీ కిందికి వాలితే మొన జారుతుంది, మరీ పైకి లేస్తే దిగబడి ఆగిపోతుంది. దిగబడ్డప్పుడు పైకి ఎగదీస్తే మొన పోతుంది, వచ్చిన దారినే వెనక్కి తీయండి. జారి పడిన గీటు లోతుగా లేకపోతే బర్నిషర్‌కు (నున్నటి మెరుగు పనిముట్టుకు) నూనె చుక్క వేసి రుద్దండి, చాలావరకు పోతుంది.